ఫలక్‌నుమాలో ఒక్క రాత్రికి అంత ఖర్చు పెట్టొచ్చా? ఉన్నవాళ్లు చెప్పండి

ఉప్పుగూడ అల్లుడు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. ఫిబ్రవరిలో మా పెళ్లయి పదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా మా ఆవిడను ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి ఉంచాలని నా కోరిక. హోటల్ సరదా ఒక్కటే అయితే హైదరాబాద్‌లో బోలెడు ఉన్నాయి, మాదాపూర్‌లో ఒకటి, బంజారాహిల్స్‌లో పది. కానీ మా ఆవిడ పుట్టి పెరిగింది పాతబస్తీలో, ఆ ప్యాలెస్ దగ్గరే ఉన్న ఉప్పుగూడలో. వాళ్ల డాబా ఎక్కితే గుట్ట మీద ఆ తెల్లటి భవనం కనిపిస్తుంది. మా మామయ్య రైల్వేలో చేసేవారు, ఎండాకాలం డాబా మీద పడుకున్నప్పుడు పిల్లలకు అదే చూపించి కథలు చెప్పేవారట. తన చిన్నతనంలో అది మూసి ఉండేది, 2010లో హోటల్‌గా తెరిచే నాటికి తను డిగ్రీ చదువుతోంది. ఆ గేటు ముందు నుంచి కొన్ని వందల సార్లు వెళ్లి ఉంటుంది, ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పింది, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం అది మనసులో ఉండిపోయింది.

మాది మామూలు సంసారం. నేను కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, తను టీచర్, ఏడేళ్ల పాప. ఇద్దరి జీతాలు ఇంటి ఈఎంఐకి, స్కూలు ఫీజుకి పోగా మిగిలేది తక్కువే. దీనికోసమని విడిగా ఒక చిట్టీ వేశాను, పోయిన నెల ఎత్తాను, 70 వేలు చేతికొచ్చింది. శనివారానికి చూస్తే గది అన్నిటికంటే తక్కువది 41 వేలు చూపిస్తోంది, పన్ను కాకుండా. ఒక్క రాత్రికి! ఆ అంకె చూసినప్పటి నుంచి ధైర్యం సగం పోయింది.

నేను అడిగేవి ఇవి. నిజంగా వెళ్లి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ డబ్బుకు తగ్గట్టు ఉందా? మాలాంటి వాళ్లు వెళితే అక్కడి సిబ్బంది ఎలా చూస్తారు? మా ఆవిడకు అలాంటి చోట్ల కాస్త బెరుకు, ఎవరైనా చిన్నచూపు చూశారంటే ఆ రాత్రంతా అదే పట్టుకుని కూర్చుంటుంది, నా భయం అంతా అదే. ఖర్చు ఎక్కడెక్కడ పెరుగుతుంది? రెండు రోజుల్లో ఉన్న కొద్ది గంటల్ని ఎలా వాడుకోవాలి? పాపను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తాం, ఆ ఇబ్బంది లేదు.

---

లెక్కల మాస్టారు

తమ్ముడూ, ముందుగా మీ దంపతులిద్దరికీ శుభాకాంక్షలు. మీ ఉద్దేశం చాలా మంచిది, అయినా నేను వద్దనే చెప్తాను. లెక్క చూడండి. 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ. 41 వేల మీద 7,380, అంటే గదికే 48,380. అలాంటి హోటల్లో భోజనం మీద కూడా మనం బయట కట్టే 5 శాతం కాదు, 18. ఇద్దరూ రాత్రి భోజనం చేసి, సాయంత్రం టీ తాగి, నలుగురికి టిప్పు ఇచ్చేసరికి మీ చిట్టీ డబ్బు అయిపోతుంది. పాప చదువుకు ఒక ఏడాది ఫీజు అది.

అక్కడ రాత్రి ఉండకుండానే లోపలికి వెళ్లే దారి ఉంది. జేడ్ టెర్రస్‌లో సాయంత్రం టీకి గానీ, అదా రెస్టారెంట్లో భోజనానికి గానీ ముందే బుక్ చేసుకుంటే గేటు లోపలికి పంపిస్తారు. బుకింగ్ లేకుండా మాత్రం పంపరు. పగలు చౌమహల్లా ప్యాలెస్ చూడండి, శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో తెరిచే ఉంటుంది, సాయంత్రం ఫలక్‌నుమాలో టీ తాగండి, రాత్రికి సోమాజిగూడలోనో బంజారాహిల్స్‌లోనో ఇందులో మూడో వంతు ధరకు మంచి ఫైవ్ స్టార్ గది తీసుకోండి. మిగిలిన డబ్బు ఆవిడ పేరు మీద వేయండి. కోరికా తీరుతుంది, చెయ్యీ కాలదు. నేను చెప్పింది కఠినంగా అనిపిస్తే మన్నించండి, నేను కూడా ఈఎంఐలు కట్టి కట్టి ఇక్కడికి వచ్చినవాణ్ణే.

---

గోదారి వదిన

మాస్టారు గారి లెక్కలో తప్పు లేదు కానీ నేను ఒప్పుకోను. రెండేళ్ల కిందట మా పాతికేళ్ల పెళ్లిరోజుకు రాజమండ్రి నుంచి పని గట్టుకుని వెళ్లి ఒక రాత్రి ఉన్నాం, మా అబ్బాయి మొదటి జీతాలు దాచి పంపించాడు. నాకు ఇప్పటికీ నిన్ననే వెళ్లొచ్చినట్టుంది, అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇంజన్‌బౌలి రోడ్డు మీద ఆటోలు, బండ్లు, పండ్ల తోపుడుబళ్లు, ఆ గోలలోంచి మలుపు తిరిగి గేటు దాటగానే చప్పుడు ఆగిపోతుంది. నిజంగా చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది. గేటు దగ్గర మనల్ని కారు దింపి గుర్రబ్బగ్గీ ఎక్కిస్తారు, గుట్ట పైకి అది నెమ్మదిగా ఎక్కుతుంది. పైకి వెళ్లాక మెట్లు, ఆ మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. సినిమావాళ్లకే ఇలాంటివి చేస్తారేమో అనుకునేదాన్ని. మా ముందు వచ్చినవాళ్లు ఎవరో పెద్ద కారులో దిగారు, వాళ్లకు చల్లినన్నే మాకూ చల్లారు. ఈయన కాటన్ చొక్కా, మామూలు ప్యాంటు, నేను ఉప్పాడ చీర. ఒక్కరు కూడా పై నుంచి కిందికి చూడలేదు. పైగా ఒక కుర్రాడు ఈయన్ని గోదావరి పుష్కరాల గురించి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. కాబట్టి మీ ఆవిడ బెరుకు గురించి మీరు అంత భయపడకండి. అక్కడ ఉన్నది 60 గదులే, అతిథులు తక్కువ, మనుషుల్ని పేరు పెట్టి పలకరించేంత తీరిక వాళ్లకు ఉంటుంది.

ఒక సంగతి ముందే తెలుసుకోండి, లేకపోతే నాలాగే మొదట చిన్నబోతారు. ముందు కనిపించే ఆ పాలరాతి భవనంలో మనకు గది ఉండదు. అది దర్బారు, లైబ్రరీ, భోజనాల హాలు. మామూలు గదులు వెనకవైపు, ఒకప్పుడు జనానా, అంటే రాణీవాసం ఉన్న వైపు, తోట చుట్టూ ఉంటాయి. గది బాగుంటుంది, పరుపు మీద పడుకుంటే లేవబుద్ధి కాదు, స్నానాల గది మా ఇంట్లో వంటగదికి రెండింతలు. అయినా నేనైతే గది కోసం అంత డబ్బు పెట్టమని చెప్పను. రాత్రి పది దాటాక, భోజనానికి వచ్చిన బయటివాళ్లందరూ వెళ్లిపోయాక, ఆ ముందు వరండాలో మేమిద్దరమే నిలబడ్డాం చూడండి, కింద ఊరంతా దీపాలు, దూరంగా చార్మినార్ వైపు వెలుగు. ఈయన పాతికేళ్లలో నాతో చెప్పని మాటలు అక్కడ చెప్పారు. టీ తాగి వచ్చేసేవాళ్లకు ఆ సమయం దొరకదు మాస్టారూ. తెల్లవారుజామున కూడా అంతే, ఆరింటికి లేచి బయటికి వస్తే తోటలో మాలీలు, మేము, అంతే.

మేము చేసిన తప్పు ఒకటుంది, సాయంత్రం ఐదింటికి చేరాం. గది రెండింటికే ఇస్తారు. మూడు గంటలు ఊరికే పోయాయి, చీర మార్చుకునేసరికే సాయంత్రం ప్యాలెస్ చూపించే నడక మొదలైపోయింది. మీరు పన్నెండింటికే గేటు దగ్గర ఉండండి. గది ఇంకా సిద్ధం కాకపోయినా సామాను వాళ్ల దగ్గర పెట్టేసి తిరగొచ్చు. మధ్యలో బయటికి పోవద్దు, షాపింగ్ అనీ బిర్యానీ అనీ కిందికి దిగొద్దు.

భోజనం అదాలో చేశాం. ఈయన శాకాహారి. బగారా బైంగన్, పప్పు, రోటీలు, చివర ఖుబానీ కా మీఠా. మనకు కారం తక్కువ అనిపిస్తుంది, చెబితే పెంచుతారు. రెండు కూరలు చెబితే ఇద్దరికీ ఎక్కువే, ఆశపడి నాలుగు చెప్పకండి.

---

ఫ్రంటాఫీస్ పాతకాపు

పద్నాలుగేళ్లు హైదరాబాద్, బెంగళూరు హోటళ్లలో రిసెప్షన్‌లో చేసి మానేశాను. ఆ ప్యాలెస్‌లో పని చేయలేదు, కానీ పెద్ద హోటళ్లన్నిటి పద్ధతి దాదాపు ఒకటే కాబట్టి పనికొచ్చేవి చెప్తాను.

మొదటిది, శనివారం వదిలేయండి. పెళ్లిరోజు ఏ వారమైనా సరే, మంగళ, బుధవారాల్లో చూడండి, ధర తగ్గే అవకాశం ఎక్కువ, జనం కూడా పలచగా ఉంటారు. అంతకంటే ముఖ్యమైనది ముహూర్తాలు. మీరు ఫిబ్రవరి అన్నారు, అంటే మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఇలాంటి ప్యాలెస్ హోటళ్లలో ఒక పెళ్లి పడిందంటే సగం హాళ్లు వాళ్లవే, తోటంతా పందిళ్లు, రాత్రి పొద్దుపోయేదాకా డీజే. బుక్ చేసే ముందు హోటల్‌కే ఫోన్ చేసి, ఆ తేదీన ఏదైనా ఫంక్షన్ ఉందా, ప్యాలెస్ చూపించే నడక ఉంటుందా, భోజనాల హాలు చూడొచ్చా అని సూటిగా అడగండి. అడిగితే చెప్తారు. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి చెప్పరు.

రెండోది, కార్డు. చెకిన్ అప్పుడు గది డబ్బు కాక డిపాజిట్ కింద కొంత మొత్తం ఆపుతారు. క్రెడిట్ కార్డు అయితే అది లిమిట్‌లో ఆగి ఉంటుంది, చెకౌట్ అయ్యాక వదిలేస్తారు. డెబిట్ కార్డు ఇచ్చారో, డబ్బు మీ ఖాతాలోంచి నిజంగానే పోతుంది, తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. నెలాఖరులో ఈఎంఐ ఉన్న ఖాతా కార్డు అస్సలు ఇవ్వకండి, నా కౌంటర్ ముందే ఎందరో ఇబ్బంది పడటం చూశాను. ఇద్దరి గుర్తింపు కార్డులూ ఒరిజినల్ తీసుకెళ్లండి. భార్యది ఎందుకులే అని చాలామంది ఇంట్లో వదిలి వస్తారు.

మూడోది, బిల్లు. గది ధరలో ఏం కలిసి ఉన్నాయో బుకింగ్ కాగితంలో చదవండి. ఒక్కోసారి టిఫిన్‌తో ఒక ధర, టిఫిన్, ఒక పూట భోజనం కలిపి ఇంకో ధర ఉంటుంది, రెండోది తీసుకుంటే మీలాంటి వాళ్లకు మేలు, ఎందుకంటే లోపలికి వెళ్లాక మెనూలో అంకెలు చూస్తూ తినే బాధ ఉండదు. రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని రకం కాస్త చవగ్గా కనబడుతుంది, చిన్న పిల్ల ఉన్న ఇంట్లో జ్వరాలు చెప్పి రావు, అది తీసుకోకండి. గదిలో ఫ్రిజ్ మీద, బల్ల మీద ఉన్నవాటిలో ఏవి ఉచితమో అడిగాకే ముట్టుకోండి, అడగడంలో తప్పేం లేదు, రోజుకు ఇరవై మంది అడిగేవారు నన్ను. సర్వీస్ ఛార్జి బిల్లులో వేస్తే అది తప్పనిసరి కాదు, 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటినే సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. ఆ డబ్బు మీకు బాగా చూసుకున్న మనిషి చేతిలో పెట్టండి, అతనికి ఉపయోగం.

చివరిగా, ఇది పదో పెళ్లిరోజని, ఆవిడ ఆ గుట్ట కింద ఇంట్లో పుట్టి పెరిగిందని బుకింగ్ అయ్యాక ఒక ఈమెయిల్ రాయండి. ఫ్రీగా ఏదో ఇస్తారని కాదు. మా ఉద్యోగంలో రోజూ వచ్చేవాళ్లు బిజినెస్ మీటింగుల వాళ్లు, ఏదీ వాళ్ల కంటికి ఆనదు. ఇలా ఒక జంట వస్తున్నారని తెలిస్తే డ్యూటీలో ఉన్నవాళ్లకు హుషారు వస్తుంది. నేనైతే అలాంటివాళ్ల కోసం షిఫ్టు అయిపోయినా ఆగేవాణ్ణి.

---

నల్గొండ నుంచి

పాతకాపు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పోయిన ఏడాది మేమిద్దరం ఇంకో సిటీలో ఒక పెద్ద హోటల్‌కి వెళ్లాం, పేరు వద్దు. చెరువు కనిపించే గది అని వేరే వెబ్‌సైట్‌లో ఎక్కువ డబ్బు కట్టి బుక్ చేశాను. ఇచ్చింది పార్కింగ్ వైపు గది. అడిగితే, మాకు వచ్చిన బుకింగులో వ్యూ అని లేదు, మీరు ఆ వెబ్‌సైట్ వాళ్లతో మాట్లాడుకోండి అన్నారు. వాళ్లు హోటల్‌ని అడగమన్నారు. గంటన్నర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, తొమ్మిదింటికి మార్చారు కానీ అప్పటికి మా ఆవిడ కళ్లలో నీళ్లు. ఆ రాత్రి మళ్లీ రాదు కదా. కాబట్టి బ్రదర్, నేరుగా హోటల్‌లోనే బుక్ చేయండి, గది ఏ వైపు అన్నది రాతలో తెప్పించుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

---

ఉప్పుగూడ అల్లుడు

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారు గారూ, మీ మాట కొట్టిపారేయలేదు, రెండు రోజులు ఆలోచించాను. కానీ వదిన గారు రాసింది చదివాక నాకు నిర్ణయం అయిపోయింది. బుధవారానికి చూస్తే టిఫిన్‌తో 35 వేలు ఉంది. ఫోన్ చేశాను, ఆ రోజు ఫంక్షన్ ఏమీ లేదట. ఒక్క అనుమానం, తనకు చెప్పకుండా నేరుగా గేటు దాకా తీసుకెళ్దామని నా ఆలోచన. ఏమంటారు?

---

గోదారి వదిన

అలా మాత్రం చేయకండి బాబూ. ఆడవాళ్ల మాట నేను చెప్తాను వినండి. ఆ మెట్లెక్కేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో తనకు తెలియాలి. తెలియకుండా మామూలు డ్రెస్సులో గేటు దగ్గర దింపితే, గులాబీ రేకులు పడుతున్నంతసేపూ తన ధ్యాస చున్నీ మీదే ఉంటుంది. బెరుకు అన్నారు కదా, దానికి మందు ముందే చెప్పడం. ఇంకొకటి, ఎంత అయిందో దాచకండి. తర్వాత బ్యాంకు మెసేజ్‌లో చూసి తెలుసుకుంటే ఆ రాత్రి అంతా చేదైపోతుంది. చిట్టీ వేశానని, ఇందుకే వేశానని చెప్పండి. మీరు కట్టిన ఆ చిట్టీ కంటే పెద్ద కానుక ఏముంటుంది ఆవిడకు? పదిహేను రోజుల ముందు చెప్తే ఆ పదిహేను రోజులూ కూడా పండగే.

---

చార్మినార్ చాయ్

వెళ్తున్నారు కాబట్టి ఏం చూడాలో నేను చెప్తాను, నాకు పాతనగరం అంటే ప్రాణం. ఫలక్‌నుమాను నిజాం కట్టించాడని చాలామంది అనుకుంటారు. కట్టించింది ‘పైగా’ అనే పెద్ద జాగీర్దార్ల వంశపు నవాబు వికారుల్ ఉమ్రా, హైదరాబాద్ దివానుగా చేసినాయన. 1884 మార్చి 3న శంకుస్థాపన, పని దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. కట్టి కట్టి అప్పులపాలయ్యాడు పాపం, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. తర్వాత రాజుల అతిథిగృహం అయింది. 1950ల తర్వాత దశాబ్దాల పాటు తాళాలు వేసి ఉంది. నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా పూనుకుని, తాజ్ వాళ్లతో కలిసి సుమారు పదేళ్లు మరమ్మతు చేయించాకే 2010 నవంబరులో తెరిచారు. మీ ఆవిడ చిన్నప్పుడు డాబా మీద నుంచి చూసింది ఆ మూత పడిన ప్యాలెస్‌నే అన్నమాట.

పై నుంచి చూస్తే తేలు ఆకారం. నగరం కంటే 2000 అడుగుల ఎత్తులో ఉందని చాలాచోట్ల రాస్తారు, అది నమ్మకండి. హైదరాబాదే సముద్ర మట్టానికి 1700 అడుగులకు పైన ఉంది, ఆ 2000 కూడా సముద్ర మట్టం నుంచి లెక్కే. భోజనాల హాల్లో 101 మంది కూర్చునే బల్ల ఉంది, 2017 నవంబరులో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చింది దాని మీదే. లైబ్రరీ పైకప్పు మాత్రం తలెత్తి చూడండి, ఇంగ్లండులో విండ్సర్ కోటలోని లైబ్రరీని చూసి చేయించిన చెక్కపని. చూపించే ఆయన్ని ప్రశ్నలు అడుగుతూ వెనకాలే నడవండి, ఫొటోల కోసం ఆగిపోతే సగం పోతుంది.

---

ఉప్పుగూడ అల్లుడు

వెళ్లొచ్చాం. వారం అయింది, రాయడానికి ఇప్పటికి కుదిరింది.

తనకు ముందే చెప్పాను. మొదట పావుగంట కోప్పడింది, ఆ డబ్బుతో ఫ్రిజ్ మార్చొచ్చు కదా అంది. చిట్టీ పుస్తకం తెచ్చి చూపించాను, మొదటి పేజీలో నేను పెన్సిల్‌తో ‘గుట్ట’ అని రాసుకున్నాను. ఇక ఏమీ అనలేదు. పెళ్లిలో పెట్టిన గద్వాల చీర బయటికి తీసి ఫాల్ మళ్లీ కుట్టించుకుంది.

పన్నెండున్నరకు గేటు దగ్గర ఉన్నాం. బగ్గీ ఎక్కాక తను నా చెయ్యి పట్టుకుని కింద రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోడ్డు మీదుగానే రోజూ షేర్ ఆటోలో కాలేజీకి పోయేదాన్ని అంది. మెట్ల దగ్గర రేకులు పడ్డప్పుడు నేను ఫోన్ తీయలేదు, అక్కడి అమ్మాయి ఒకావిడ తనే తీసి పంపింది. వదిన గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం, చీర గురించి. తను ఆ మెట్లు ఎక్కిన తీరు చూస్తే బెరుకు ఉన్న మనిషని ఎవరూ అనుకోరు. ఈమెయిల్ చదివినట్టున్నారు, మెట్లపైన ఉన్న పెద్దాయన హిందీలో, “మీరు మా పొరుగువాళ్లట కదమ్మా” అన్నాడు. తను పాతబస్తీ ఉర్దూలో బదులిచ్చింది, ఇక వాళ్లిద్దరూ అలియాబాద్ గురించి, శాలిబండ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను పక్కన నిలబడి విన్నాను.

గది వెనకవైపే, తోట కనిపించేది. నాకు బాగా నచ్చింది, తనకు గది కంటే కారిడార్లు నచ్చాయి. మధ్యాహ్నం ఒక గంట నిద్రపోయాం, పాప పుట్టాక ఇద్దరం ఒకేసారి పగలు నిద్రపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. సాయంత్రం నడకలో మాతో కలిపి పదిమందే. 101 మంది బల్ల దగ్గర, చిన్నగా మాట్లాడినా ఆ చివర వినిపిస్తుందని ప్యాలెస్ చూపించే ఆయన చెబితే అందరూ నవ్వారు. లైబ్రరీలో మాత్రం తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది, చార్మినార్ చాయ్ గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. తను టీచర్ కదా, ఆయన్ని అడిగిన ప్రశ్నలకు మిగతావాళ్లు కూడా ఆగి విన్నారు.

రాత్రి భోజనం అయ్యాక పదిన్నరకు ముందు వరండాలోకి వెళ్లాం. చల్లగా ఉంది. చార్మినార్ వైపు అందరూ చూస్తారు, తను కుడివైపు చివరకు వెళ్లి నిలబడి ఉప్పుగూడ స్టేషన్ ఏది, ఆ పక్కన నీళ్ల ట్యాంకు ఏది అని వెతకడం మొదలుపెట్టింది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఒకటి వెళ్తుంటే దాని దీపాల వరసను పట్టుకుని లెక్కవేసి, అదిగో అక్కడ అంది. నాకు కొన్ని వేల దీపాల్లో ఏమీ తెలియలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

ఖర్చు చెప్తాను, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుంది. గది 35 వేలు, పన్నుతో 41,300. రాత్రి భోజనం 9,400, పన్నుతో 11,092. టిప్పులు 2 వేలు. మొత్తం 54,392. టిఫిన్ గదిలోనే కలిసి ఉంది, మేము పదకొండు దాకా కదల్లేదు. సాయంత్రం టీ తీసుకోలేదు, కడుపులో చోటు ఉండదని. మాస్టారు గారూ, మిగిలినదాంట్లో 15 వేలు మీరు చెప్పినట్టే తన పేరు మీద వేశాను. డిపాజిట్ కింద ఆపిన 10 వేలు సోమవారానికి వదిలేశారు, క్రెడిట్ కార్డే ఇచ్చాను.

చెకౌట్ అయ్యి నేరుగా అత్తగారింటికి వెళ్లాం, కారులో పది నిమిషాలు. పాప సబ్బులు, చాక్లెట్లు లాక్కుని పోయింది. మామయ్య అన్నీ విన్నారు, బల్ల గురించి, లైబ్రరీ గురించి, ఏమీ అడగలేదు. చివర్లో ఒక్కటే అడిగారు, “పైనుంచి మన డాబా కనిపించిందా బిడ్డా?” అని. నీళ్ల ట్యాంకు పక్కన కనిపించింది నాయనా అంది. ఆయన లేచి మెట్లెక్కి డాబా మీదకు వెళ్లారు, వెనకాలే తనూ వెళ్లింది.